ఎరుపు లేని ఇల్లు

కొత్తవాడలో కట్టయ్య ఇల్లు ఎక్కడని ఒకప్పుడు ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. గల్లీ మొదట్లో నిలబడి మోరీ వంక చూస్తే సరిపోయేది. పసుపో ఆకుపచ్చో నీలమో, ఏదో ఒక రంగు నీళ్లు ఆవిర్లు కక్కుతూ పారుతుండేవి. ఆ రంగుకు ఎదురు నడిచిపోతే, ఎక్కడ కళ్లు మండుతాయో అదే ఆయన వాకిలి. వారంలో సగం రోజులు ఆ నీళ్లు ఎర్రగా ఉండేవి.

ఇప్పుడా మోరీలో నీళ్లు మామూలు నీళ్లలాగే పారుతున్నాయి. గల్లీలోకి కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు కట్టయ్య గురించి అడిగేది మోరీ సంగతి కాదు, నిమ్మకాయ సంగతి. ఆయన పెరట్లో స్నానాల గది గోడకు ఒక గూడు ఉంది. అందులో ఎప్పుడు చూసినా ఒక నిమ్మకాయ, దాని పక్కన తెల్లనూలు చుట్ట ఒకటి ఉంటాయి. ఎందుకని అడిగితే ఎదురింటి సారలమ్మ గొంతు తగ్గిస్తుంది.

"ఆయన పెండ్లాం చిలుకమ్మక్క తిరుగుతాందమ్మా ఆ ఇంట్ల. ఎర్రటి అడుగులు నా కండ్లతోని చూసిన. కట్టడి కోసమే పెట్టిండు నిమ్మకాయ."

సారలమ్మ చూసిన మాట నిజమే. అడుగులు ఉన్నాయి. నిమ్మకాయ మాత్రం చిలుకమ్మను ఆపడానికి పెట్టింది కాదు.

కట్టయ్యది నేత కుటుంబం. తండ్రి షత్రంజీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు, నేసేవాడు. కొడుక్కి మగ్గం మీద కూర్చుంటే నడుము నిలిచేది కాదు గానీ, రంగుల గంగాళం దగ్గర నిలబెడితే పొద్దు తెలిసేది కాదు. పద్దెనిమిదేళ్లు నిండకముందే ఇంటి వెనక రేకుల పందిరి వేసి, రెండు పొయ్యిలు కట్టి, ఊళ్లో నేతగాళ్లకు నూలు అద్ది ఇవ్వడం మొదలుపెట్టాడు. నెక్కొండ నుంచి చిలుకమ్మ కాపురానికి వచ్చేసరికి ఆయన చేతులు మోచేతుల దాకా రంగు పట్టి ఉన్నాయి. పెండ్లిలో తలంబ్రాలు పోస్తుంటే ఆ చేతులు చూసి ఆడపిల్లలు కిసకిసమని నవ్వారట. "గోరింటాకు నాకన్న ఈయనకే మంచిగ పండింది" అన్నదట చిలుకమ్మ. ఆ మాట ముసలితనం దాకా వాళ్లిద్దరి మధ్య నలిగింది.

ఆమె పని తొక్కుడు. అద్దిన నూలు కట్టలను, అంటే చిలపలను, సిమెంటు తొట్టిలో వేసి, నీళ్లు పోసి, మోకాళ్ల దాకా చీర ఎగజెక్కి కాళ్లతో తొక్కాలి. పైపైన అంటిన రంగంతా వదిలిపోవాలి. లేకపోతే నేసిన షత్రంజి మీద కూర్చున్నవాళ్ల ధోవతులకు అంటుకుంటుంది. తొట్టిలోంచి దిగి, పెరడు దాటి, స్నానాల గదిలో కాళ్లు కడుక్కునేది. రోజుకు ఎన్నిసార్లో. పెరట్లోని బండల మీద ఆమె అడుగులు పడుతుండేవి, ఎండకు ఆరుతుండేవి, మళ్లీ పడుతుండేవి. ఎడమకాలి చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉండేది ఆమెకు. అందుకని ఆ అడుగు నాలుగువేళ్ల అడుగులా కనిపించేది.

రంగులన్నీ అద్దేవాడు గానీ, పేరు తెచ్చింది ఎరుపు. పాలంపేట గుడి దగ్గర పెండ్లి జరిగినా, డోర్నకల్‌లో సభ జరిగినా, పరిచిన షత్రంజి అంచు చూసి "గిది కట్టయ్య ఎరుపు" అనేవారు. ఆ రంగుపొడి హైదరాబాదులో ఒక దుకాణంలో దొరికేది. డబ్బాకు పేరు లేదు, కంపెనీ లేదు. మూత మీద సుద్దతో రాసిన ఒక గీత ఉండేది. దుకాణదారు వెనక గదిలోకి పోయి తెచ్చి ఇచ్చేవాడు.

ఆ ఎరుపుకు ఒకటే లోపం. పులుపు పడదు. నిమ్మరసం గానీ చింతపండు పులుసు గానీ పడితే పడ్డ మేరకు తిరిగిపోతుంది. చూస్తుండగానే నేరేడుపండు రంగులోకి వస్తుంది. సబ్బునీళ్లతో ఉతికితే మళ్లీ ఎర్రబడుతుంది. పెండ్లివాళ్లు షత్రంజి కొనుక్కుపోతుంటే చిలుకమ్మ వాకిట్లోంచి కేకేసేది. "పులిహోర ఆ మూలకు పెట్టుకోన్రి! లేకుంటే మా షత్రంజికి కమిలిన దెబ్బలు లేస్తయి!"

కట్టయ్యకు ఒక అలవాటు ఉండేది. ఎరుపు మరిగేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో చూసేవాడు. కర్ర కొసకు అంటింది చల్లార్చి, వేలితో తీసి నాలుకకు రాసుకుని, తుపుక్కున ఉమ్మేవాడు. తండ్రి తరం నుంచి అద్దకంవాళ్లు చేస్తున్నదే.

"నేను వండిన కూరల ఉప్పు చూడవు గని, గంగాళంల ఉప్పు మాత్రం దినాం చూస్తవ్" అనేది చిలుకమ్మ.

"గంగాళం నీలెక్క అలగదు. ఉప్పు తక్కువైతె తక్కువైందని చెప్తది."

బతుకమ్మ వచ్చిందంటే ఆ ఇల్లు ఆడవాళ్ల సంత. గునుగుపూలు తెల్లగా ఉంటాయి, వాటికి రంగు ముంచితేనే బతుకమ్మకు అందం. గల్లీ ఆడవాళ్లంతా పూల కట్టలు పట్టుకుని వచ్చేవాళ్లు. గంగాళంలో మిగిలిన ఎరుపును చిలుకమ్మ చెంబులతో పోసేది. వాళ్లు వాకిట్లోనే పూలు ముంచేవాళ్లు, ముంచిన చేతులతోనే మలీద ఉండలు పంచుకుని తినేవాళ్లు. వాడలో ఎర్రటి వరుస ఎత్తుగా ఉన్న బతుకమ్మ కనిపిస్తే అది ఈ గల్లీదే.

రంగుల్లో కొన్నింటిని సర్కారు బందు చేసిందన్న మాట కట్టయ్య చెవిన పడకపోలేదు. అప్పటికి యమున పెండ్లీడు పిల్ల. ఒక్కగానొక్క కూతురు, తల్లి పక్కన తొట్టిలో తొక్కేది. దుకాణదారు డబ్బా కట్టిస్తూ చెప్పాడు. "అమ్మొద్దంటాన్రు, వాడొద్దంటాన్రు. ఇగ ముందు ముందు దొరుకుతదో దొరకదో."

ఆ మాటలో ఎందుకు వాడొద్దన్నారన్నది కట్టయ్య వినలేదు. దొరకదేమో అన్నదే విన్నాడు. కిరోసిన్ దొరకదంటే తెచ్చిపెట్టుకున్నట్టు, చక్కెర దొరకదంటే దాచిపెట్టుకున్నట్టు, ఇంకో రెండు డబ్బాలు భుజాన వేసుకుని రైలెక్కాడు. ఇంటికొచ్చి, "మంచిగున్నది ఏదైన బందు చేస్తరు వీళ్లు" అన్నాడు.

"మరి ఇంకోటి తేకపోయినవ్" అన్నది చిలుకమ్మ.

ఏళ్లు గడిచాయి. దుకాణదారు వెనక గదిలోంచి ఇస్తూనే వచ్చాడు.

చిలుకమ్మ జబ్బు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. పొత్తికడుపులో నొప్పి అని ఆమె మంచం పట్టాకే పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. పరీక్షలన్నీ చేసి, మూత్రపు సంచిలో పుండు చాలా దూరం పాకిందని చెప్పాడు డాక్టరు.

"ఒంటికి పోయేటప్పుడు రక్తం పడుతుండాలె గదమ్మా. ఎన్నడూ చూడలేదా?"

చిలుకమ్మ మంచం మీద నుంచి అమాయకంగా చూసింది. "ఎర్రగ పడేది సారూ, శానా దినాల సంది. గని నా కాళ్ల రంగే అనుకున్న."

కట్టయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. డాక్టరు కాగితం మీద ఏదో రాస్తున్నట్టు తల వంచుకున్నాడు.

ఆ స్నానాల గదిలో ఎరుపు లేనిది ఎప్పుడు? కాళ్లు కడిగితే ఎరుపు, చేతులు కడిగితే ఎరుపు, పిండిన చీర కొంగు నుంచి ఎరుపు. గచ్చు ఎరుపు, తూము ఎరుపు. అందులోకి ఇంకొంచెం ఎరుపు వచ్చి కలిస్తే గుర్తుపట్టేదెవరు? చిలుకమ్మ పోయింది. దినాలు అయ్యాక, దవాఖాన సంచిలో మిగిలిన మందుబిళ్లలు చూస్తూ కట్టయ్య ఆ ఒక్క మాటనే లోపల్లోపల తిప్పుకుంటూ ఉండేవాడు. నా కాళ్ల రంగే అనుకున్న. ఆయన కూడా చూశాడు ఆ తూమును. రోజూ చూశాడు. రంగు మంచిగా వదులుతోందనే అనుకున్నాడు.

తల్లి చోట యమున తొట్టిలోకి దిగింది. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. భర్త శేఖర్ డోర్నకల్‌లో రైల్వే పని చేస్తూ వారానికోసారి వస్తాడు. తండ్రికి వండిపెట్టే దిక్కు లేదని యమున పక్క గల్లీలోని ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికే వచ్చేసింది. చిన్నప్పటి నుంచి తొక్కిన కాళ్లే గనక పని కొత్త కాలేదు. తల్లిలాగే చీర ఎగజెక్కేది, తల్లిలాగే పెరడు దాటి పోయి కాళ్లు కడుక్కునేది. ఆమె అటు పోతుంటే కట్టయ్య పని ఆపి చూసేవాడు. ఎందుకు చూస్తున్నాడో ఆయనకే తెలిసేది కాదు.

తెలిసింది సుదర్శన్ వచ్చిన రోజు. షత్రంజీలు కొని బయటి దేశాలకు పంపే సొసైటీలో సుదర్శన్ మేనేజరు. కట్టయ్యను కాకా అని పిలుస్తాడు. ఎప్పుడొచ్చినా గడపలో నుంచే నవ్వుతూ వచ్చేవాడు, ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక కూడా నవ్వలేదు.

"ఏందిరా, సొసైటి మునిగిందా?" అన్నాడు కట్టయ్య.

"మునగలే కాక. సరుకు వాపస్ వచ్చింది. కొన్నోళ్లు ఒక ముక్క కత్తిరిచ్చి ల్యాబుల పరీక్ష పెట్టిచ్చిన్రట. మిగిలిన రంగులకు ఫికర్ లేదు. ఎరుపు ఒక్కటే ఫెయిలైంది."

"ఎండకు పెట్టిన్రా? నీళ్లల్ల నానేసిన్రా? నా ఎరుపు దిగదు."

"దిగుడు కాదు కాక." సుదర్శన్ సెల్‌ఫోను తెరిచి, మూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఆ రంగు కడుపులకు పోతె విడిపోయి విషమైతదట. మన సర్కారు సుత ఎన్నడో బందు వెట్టిందట ఇసొంటి రంగులు. తొక్కేటోళ్లకు, అద్దేటోళ్లకు ఏండ్ల తర్వాత బయటపడ్తదట. మూత్రపు సంచికి…"

అక్కడ ఆగిపోయాడు. చిలుకమ్మ పాడె పట్టినవాళ్లలో తానూ ఒకడినని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

వంటింటి గడప దగ్గర యమున చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పాదాలు ఎర్రగా ఉన్నాయి. కట్టయ్య ఆ పాదాలనే చూస్తూ అడిగాడు.

"నేను నాలుక మీద పెట్టుకున్న గదరా, ఇన్నేండ్లు. నాకేం కాలేదు."

"అందరికీ కాదట కాక. ఎవరికైతదో తెల్వదట."

కట్టయ్య అటక వైపు వేలు చూపించాడు. "డబ్బాలు ఇంకా ఉన్నయి. ఒకటి మూత సుత తియ్యలే. తీస్కపో."

"నేనేం చేసుకోవాలె కాక?"

"మరి ఏడ పెట్టాలె?"

"అమ్మొద్దు, వాడొద్దు అన్నదే తెలుసు నాకు. ఏడ పెట్టాలెనో తెల్వది. అడిగి చెప్త."

అడిగాడో లేదో, చెప్పలేదు. కట్టయ్య పెరటి మూలన గుంత తవ్వబోయి, రెండు పారలు తీశాక పక్కనే ఉన్న బావి గుర్తొచ్చి ఆపేశాడు. మోరీలో పోద్దామనుకున్నాడు, మోరీ పోయి కలిసే చెరువు గుర్తొచ్చింది. కాలిస్తే పొగ. చివరికి డబ్బాలను పాలిథిన్ సంచుల్లో చుట్టి, గోనెతో కట్టి, ఎక్కడివి అక్కడే అటక మీద పెట్టాడు. పోయిన మనిషిని కట్టెల్లో పెట్టి బూడిద చేయవచ్చు. ఆ మనిషిని తీసుకుపోయినదానికి మాత్రం ఇంట్లోనే చోటు ఇవ్వాల్సి వచ్చింది.

మర్నాడు ఎర్ర గంగాళం బోర్లించాడు. పసుపు, నీలం, ఆకుపచ్చలకు సొసైటీవాళ్లు పరీక్ష చేయించిన పొడులు పంపారు. వాటితో పాటు రబ్బరు బూట్లు, చేతొడుగులు వచ్చాయి. కొత్త ఎరుపు కూడా పంపారు, ఏ దోషం లేనిదని కాగితం పెట్టి మరీ. కట్టయ్య దాన్ని గడప తొక్కనివ్వలేదు.

"మంచిదేనట గద బాపు! సుదర్శనన్న చెప్పె. ఎరుపు లేకుంట షత్రంజికి అంచు ఎట్ల?" అన్నది యమున.

"అంచు పచ్చగ ఏసుకుంటరు. నీకెందుకు?"

అంతటితో ఆగలేదు. స్నానాల గదిలోని ఎర్ర బకెట్టు తీసి సారలమ్మకు ఇచ్చేశాడు. ఎర్ర మగ్గు, ఎర్ర సబ్బు పోయాయి. గచ్చు తవ్వించి తెల్ల టైల్స్ పరిపించాడు. కాళ్లకు పారాణి పెట్టుకోవద్దన్నాడు. బీట్‌రూట్ తేవద్దన్నాడు. యాభై ఏళ్లుగా నమిలిన తమలపాకు మానేశాడు. ఎక్కడ ఉమ్మినా ఎర్రగా పడుతుందని.

"నీకు పిచ్చి లేసింది బాపు" అని ఒకరోజు యమున కుంకుమ భరిణె ముందు పెట్టి నిలదీసింది. "ఇది సుత తీసి పారేయాల్నా? చెప్పు. శేఖర్ వస్తె ఏమంటడు?"

కట్టయ్య భరిణె వంక చూశాడు. "అది నొసటికి పెట్టుకో. నీళ్లల్ల కడగకు, బట్టతోని తుడుచుకో." భరిణె ఆమె వైపు జరిపాడు. "మీ అమ్మకు కనబడలే బిడ్డా. నాకు కనబడలే. అంత ఎరుపుల అది దాక్కున్నది. ఇప్పుడు ఈ ఇంట్ల ఇంకో ఎరుపు ఉండొద్దు. వస్తె, ఒక్క సుక్క వచ్చినా, అదే అని తెల్వాలె."

యమున భరిణె తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె ఎరుపు గురించి వాదించలేదు. పరీక్షకు పోదామంటే మాత్రం, "నాకేమైంది? గుండ్రాయి లెక్క ఉన్న" అని దాటవేసేది. ఇంకోసారి అడిగితే కంచం ముందు నుంచి లేచిపోయేది. తల్లి పడుకున్న మంచం ఆమె కళ్లముందు ఉందని కట్టయ్యకు తెలుసు. అందుకే గట్టిగా అడగలేకపోయాడు.

బతుకమ్మకు ఆడవాళ్లు గునుగుపూలతో వచ్చారు. ముందు సారలమ్మ.

"అన్నా, జర ఎరుపు పోయే."

"లేదు."

"ఏందే, అమ్మేది అడిగితిమా, మోరీల పోసేది అడిగితిమి గని."

"పోసే దినాలు పోయినయ్ సారలమ్మా. పూలు తెల్లగనే పేర్చుకోన్రి. లేకుంటె పసుపు నీళ్లల్ల ముంచుకోన్రి. ఆ ఎరుపు చేతులతోని తినొద్దు ఇగ."

"తెల్లటి బతుకమ్మనా! ఎవరన్న సచ్చిన్రా?" అనేసి సారలమ్మ నాలుక కరుచుకుంది. తర్వాత ఆ నాలుకతోనే గల్లీ అంతా చెప్పింది. చిలుకమ్మక్క ఉంటే చెంబులతో పోసేది, ఈయనకు చేతులు రావు, పెండ్లాంతోనే ఇంటి మంచితనం పోయింది అని. వాళ్లు బజార్లో పొట్లాలు కొనుక్కున్నారు. ఆ పొట్లాల మీద కూడా పేరు లేదు. పండగ ఆఖరి రోజు, సద్దుల నాడు, ఎర్రటి వరుసలు తలల మీద ఊరేగుతుంటే కట్టయ్య తలుపు వేసుకున్నాడు. మూసిన కళ్ల లోపల కూడా ఆ రంగే.

ఆ పండగ వెళ్లిన వారానికి ముసురు పట్టింది. నేల చెమ్మగిల్లింది. తెల్లవారి పెరట్లోకి వచ్చిన యమున కెవ్వుమంది.

బండల మీద అడుగులున్నాయి. పందిట్లోని తొట్టి దగ్గర మొదలై, పెరడు దాటి, స్నానాల గది గుమ్మం దాకా. లేత ఎరుపు. ఎడమ అడుగుకు నాలుగే వేళ్లు.

ఏళ్ల తరబడి బండల్లోకి ఇంకిన రంగు తేమకు పైకి లేచిందని కట్టయ్యకు తెలుసు. ముసురు పట్టినప్పుడల్లా పందిరి గోడలు చెమర్చి ఎర్రగా కారడం ఆయన చూసినదే. అయినా అడుగుల పక్కనే నడుచుకుంటూ పోయాడు. అన్నీ పోయిన అడుగులే. వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. కాళ్లు కడుక్కున్నాకే గదా ఆమె వెనక్కి వచ్చేది. తెలిసిన సంగతే అది. తెలిసీ ఆయన ఆ గుమ్మం దగ్గర నిలబడి, లోపలి నుంచి నీళ్ల చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాడు.

ఆ కేకకే సారలమ్మ పరుగెత్తుకొచ్చింది, చూసింది, దండం పెట్టి వెళ్లిపోయింది. ఊరికి కథ దొరికింది.

కట్టయ్య రాయితో రుద్దాడు, సోడాతో కడిగాడు. పోలేదు. ఆరితే మాయమై, తేమకు మళ్లీ వచ్చాయి. ఆయన భయం వేరు. ఈ ఎరుపు జారి తెల్ల టైల్స్ మీదికి వస్తే? మళ్లీ దాక్కోడానికి దానికి చోటు దొరికినట్టే గదా. అప్పుడే నిమ్మకాయ తట్టింది. తన ఎరుపు ఒక్కటే పులుపుకు తిరుగుతుంది, నెత్తురు తిరగదు. ఒక అడుగు మీది తడిని తెల్లనూలు పోగుకు అంటించి, దాని మీద నిమ్మకాయ పిండాడు. పోగు కమిలి, నేరేడు రంగుకు వచ్చి, నీలమైంది. ఆ రోజే గూట్లో నిమ్మకాయ చేరింది.

"బజార్ల నిమ్మకాయల ధర పెరిగింది బాపు, నీ వల్లనే" అని యమున నవ్వేది. తుప్పు మరక కనిపించినా, మందారపు రేక పడ్డా ఆయన పోగు తీసేవాడు.

చలికాలం వచ్చింది. అడుగులు మళ్లీ బండల్లోకి ఇంకిపోయాయి. పెరడు ఎండిపోయి తెల్లగా ఉంది. అలాంటి ఒక ఉదయం, యమున స్నానాల గదిలోంచి వచ్చాక కట్టయ్య లోపలికి పోయాడు. తూము దగ్గర, టైల్స్ మధ్య గీతలో, ఎర్రగా ఒక తీగ.

"యమునా."

"గోడది కారింది బాపు." ఆమె అంత త్వరగా జవాబిచ్చిందంటే, తానూ చూసిందన్నమాట.

"ముసురు పోయి నెలలాయె గదనే. గోడ ఏడ తడిసింది?"

 ఆడవాళ్ల నెలసరి లెక్క ఆమెకు ఆగిపోయి ఏళ్లయింది. ఆ సంగతి తండ్రి నోటితో అడగలేడు, కూతురు నోటితో చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. కట్టయ్య నూలు పోగు తీసి ఆ ఎరుపులో అద్దాడు. నిమ్మకాయను యమునే కోసి ఇచ్చింది. పిండాడు.

ఇద్దరూ పోగును చూస్తూ నిలబడ్డారు. ఈ పోగు నల్లబడాలని, కమిలిపోవాలని, పాడైపోవాలని అంతగా కోరుకున్న అద్దకంవాడు ఆ వాడలో ఎన్నడూ లేడు. జన్మంతా రంగు తిరగకుండా చూసుకున్న మనిషి, తిరుగు తల్లీ, తిరుగు అని లోపల మొక్కుతున్నాడు.

పోగు ఎర్రగానే ఉంది. కాసేపటికి కొంచెం మట్టిరంగుకు వచ్చిందేమో. నీలం కాలేదు.

"ఇంకో చెక్క పిండు బాపు" అన్నది యమున. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

రెండో చెక్క పిండాడు. రసం ఆయన వేళ్ల సందుల్లోంచి కారి టైల్స్ మీద పడింది. ఎరుపు ఎరుపుగానే ఉంది.

"ఎప్పటి నుంచి?"

"మొన్న ఒకసారి. ఇయ్యాల." ఆమె కొంగుతో నోరు అదుముకుంది. "నాకు నొప్పి లేదు బాపు. ఏం నొప్పి లేదు."

"చీర మార్చుకో. పోదాం."

"శేఖర్ రానియ్యి, శనివారం…"

"మీ అమ్మ గిట్లనే అనుకుంట అనుకుంట పోయింది." అంత పెద్ద గొంతు ఆయనకు ఉందని యమునకు అప్పటిదాకా తెలియదు. "నడు."

పెద్ద దవాఖానలో వాళ్లను చూసింది లావణ్య అనే డాక్టరమ్మ. యమున వయసులో సగం ఉంటుంది. కెమెరా గొట్టంతో చూడాలని, భయపడొద్దని చెప్పింది. శేఖర్ డ్యూటీ దిగిన బట్టల మీదనే రైలెక్కి వచ్చాడు. చూడగానే సంచి గోడకు చిన్న మొలక లాంటిది కనిపించిందట. అక్కడికక్కడే గీకి తీసి పరీక్షకు పంపారు. పరీక్ష జవాబు వచ్చాక, ఇంకా లోపలికి వేరు పోలేదని, అయినా ఇది తిరిగి మొలిచే రకమని, బతికినన్నాళ్లు కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోవాల్సిందేనని లావణ్య చెప్పింది.

"చాలామంది నొప్పి లేదని ఏడాది రెండేళ్లు ఊరుకుంటారమ్మా. మీరు మూడో రోజుకే ఎట్ల వచ్చారు?"

యమున తండ్రి వంక చూసింది. "మా ఇంట్ల ఎరుపు లేదు మేడం" అన్నది.

డాక్టరమ్మకు అర్థం కాక నవ్వింది. కట్టయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అదే దవాఖాన, అదే వాసన. చిలుకమ్మ పడుకున్న మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. ఆ కాళ్ల రంగు చూడకుండా ఉండలేకపోయాడు.

అప్పటి నుంచి కట్టయ్య పని మానేశాడు. పొయ్యిలు చల్లారాయి. పొద్దున యమున బయటికి వచ్చాక ఆయన స్నానాల గదిలోకి పోతాడు. తూము చూస్తాడు, గీతలు చూస్తాడు. తెల్లగా ఉంటే వచ్చి చాయ్ తాగుతాడు. అటక మీది డబ్బాలు అలాగే ఉన్నాయి. సుదర్శన్‌ను అడిగితే పైవాళ్లను అడుగుతున్నా కాకా అంటాడు. కూర్చున్నచోటి నుంచి ఆ గోనె మూట కనిపించకుండా కట్టయ్య కుర్చీ తిప్పుకున్నాడు. కనిపించకపోతే వీపుకు తెలుస్తోంది.

మళ్లీ బతుకమ్మ వచ్చింది. ఈసారి ముసురు పండగ కంటే ముందే పట్టింది. దవాఖాన పోయి వచ్చి నాలుగు రోజులైంది. గొట్టంతో చూసి ఏమీ లేదన్నారు, చలికాలంలో మళ్లీ రమ్మన్నారు. యమున అరుగు మీద కూర్చుని గునుగుపూలు సవరిస్తోంది, తెల్లవి తెల్లగానే. సారలమ్మ తొంగి చూసి, "ఈ యేడు సుత తెల్లదేనా?" అని, కాసేపు నిలబడి, తన చేతిలోని కట్టలోంచి కొన్ని ముంచని పూలు తీసి అక్కడ పెట్టి పోయింది.

పెరట్లోంచి కట్టయ్య కేక వినబడింది. పిలిచినట్టు కాదు, ఊపిరి ఆగినట్టు.

తెల్లటి టైల్స్ మీద, గుమ్మానికి లోపల, ఎరుపు. ఆయన గూటిలోకి చెయ్యి పెట్టాడు గానీ పోగు వేళ్లకు చిక్కడం లేదు. యమున ఆయన చేతిలోంచి నూలు చుట్ట తీసుకుంది. పోగు తెంపి, వంగి, అద్దింది. నిమ్మకాయను పంటితో కొరికి పిండింది.

వాన చినుకులు రేకుల మీద రాలుతున్నాయి. పోగు ఒక అంచున కమిలింది. కమిలిన మేర పాకింది. నేరేడు రంగుకు వచ్చింది. నీలమైంది.

యమున గుమ్మం వెనక్కి చూసింది. తొట్టి దగ్గర నుంచి బండల మీద ఒక్కొక్కటే తేలుతూ వచ్చిన అడుగులు, ఈసారి గుమ్మం దాటి జానెడు లోపలికి కారాయి. గుమ్మాన్ని ఆనుకున్న ఆఖరి అడుగు నాలుగువేళ్లది.

"అమ్మే బాపు" అన్నది యమున. "అమ్మనే వచ్చింది."

కట్టయ్య ఆ నీలపు పోగును అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. తుడుద్దామని యమున గుడ్డ తెస్తే, వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. వాన వెలిసేదాకా ఆ అడుగు పక్కనే కూర్చున్నాడు.